సిగరెట్టు పొట్లములోని బొమ్మ, వేలములో దాని వెల



వేలము మనకు క్రొత్తది కాదు. చెఱువులోని చేపలకును, సంత ఆశీలుకును, దేవుని మాన్యముల కౌలునకును, తోపులోని చింతకాపునకును పాటలు జరుగుట మీరందఱు నెఱిగినదే. చావడి ముందర నిలిచి పాట పాడువాడు ముందుగా లోలోపల నొక లెక్క వేసికొనును. ఈ చేపలు ఇన్ని మణుగులు తూగును, బజారులో మణుగు ఇంతకు పోవును, వలవాండ్ర కూలి పోగా నాకింత మిగులునని తేల్చుకొని పిదప నోరు విప్పును. లెక్క తప్పినవాడు నష్టపోవచ్చును. అయినను లెక్కయన్నది యొకటి కలదు.

నేనీ సాయంకాలము మనవి చేయబోవునది అట్టి తూకమునకు లొంగని వస్తువుయొక్క వేలమును గూర్చి. అది ఇంచుమించు రెండున్నర అంగుళముల పొడవును, ఒకటిన్నర అంగుళము వెడల్పును గల అట్టముక్క. ఒకవైపున బేస్‌బాల్ ఆటగాని రంగుబొమ్మ, రెండవవైపున సిగరెట్టు ప్రకటన. బేస్‌బాల్ అనగా కఱ్ఱతో బంతిని గొట్టి పరుగెత్తు ఆట. మనకు క్రికెట్టెట్లో అమెరికావారి కది యట్లు. నూఱేండ్లకు పూర్వము ఆ దేశమున సిగరెట్లు కొన్నవానికి ఈ బొమ్మ ఊరకయే లభించెడిది. అట్టి అట్టముక్క యొకటి 2021 ఆగస్టులో వేలమున 66 లక్షల డాలర్లకు పోయినది.

పత్రికలు ఇట్టి వెలలనే పెద్దయక్షరములతో ప్రకటించును గనుక ఇది కోటీశ్వరుల వేడుక యని లోకము తలచుచున్నది. ఈ చరిత్రను చదివినకొలది నాకట్లు తోచలేదు. ఈ వ్యాపకమునకు ఒక క్రమమును, ఒక జాబితాను కల్పించినవాడు కార్ఖానాలో జీతమునకు పనిచేసిన యొక రోగిష్ఠి. ఆయన కొన్న తీరును, తరువాతివారు కొన్న తీరును ప్రక్కప్రక్కన నుంచి చూపవలెనని నా యుద్దేశము.

ముందుగా ఈ అట్టముక్కలు పుట్టిన విధము చెప్పవలెను. 1880 తరువాతి యేండ్లలో సిగరెట్లు మెత్తని కాగితపు పొట్లములలో అమ్మబడుచుండెను. అవి నలిగిపోకుండుటకై లోపల నొక గట్టి అట్టను పెట్టుట ఆచారమయ్యెను. వట్టి అట్టకు బదులు బొమ్మ అచ్చువేసినచో కొన్నవారే మఱల మఱల వత్తురని వర్తకులు గ్రహించిరి. రిచ్మండు నగరమందలి ఆలెన్ అండ్ గింటర్ కంపెనీవారు మల్లులు, ఆటగాండ్రు మున్నగువారి బొమ్మలను రంగులలో వేసిరి. న్యూయార్కులోని గుడ్విన్ కంపెనీవారు ‘ఓల్డ్ జడ్జి’ సిగరెట్లతో 1886 మొదలు 1890 వఱకు బేస్‌బాల్ ఆటగాండ్ర ఛాయాపటములను లెక్కకు మిక్కిలిగా పంచిపెట్టిరి. ఇంగ్లండులోను ఈ వాడుక వ్యాపించెను. విల్స్ కంపెనీవారు 1896లో క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మలు ఏబది వెలువరించిరి. ఆ వరుసలో మన రంజిత్‌సింహజీయు కలడు.

పోటీ యున్నంతకాలమే బొమ్మలు. 1890లో జేమ్స్ డ్యూక్ అనునతడు పేరుమోసిన ఐదు సిగరెట్టు కంపెనీలను ఒకటిగా జేర్చి అమెరికన్ టొబాకో కంపెనీని నెలకొల్పెను. ఇక కొనువాని నాకర్షింపవలసిన అవసరమేమి? బొమ్మలు సన్నగిల్లెను. తిరిగి 1909 మొదలు 1911 వఱకు అదే కంపెనీ తన పదునాఱు రకముల సిగరెట్లతో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలను పెద్ద యెత్తున పంచెను. అందు 524 వేర్వేఱు బొమ్మలు కలవు. 1911లోనే సుప్రీముకోర్టు తీర్పువలన ఆ కంపెనీ ముక్కలు చేయబడెను. ఆ కథ మనకిప్పు డక్కఱలేదు.

ఆ 524 బొమ్మలలో నొకటి హోనస్ వాగ్నర్ అను నాటగానిది. ఆయన పిట్స్‌బర్గు జట్టువాడు, 1874లో పుట్టి 1955లో గతించినవాడు, నాటి మేటి ఆటగాండ్రలో నొకడు. ఆయన బొమ్మ అచ్చు కొద్దికాలమునకే ఆగిపోయెను. పిల్లలు బొమ్మకై సిగరెట్లు కొనుట ఆయనకు గిట్టలేదని కొందఱు, తగిన ప్రతిఫలము ఇయ్యలేదని కోపించెనని కొందఱు చెప్పుదురు. ఆయన స్వయముగా పొగాకు నమలువాడే యని తెలిసినప్పుడు మొదటి మాటను పూర్తిగా నమ్ముట కష్టమే. కారణమేదైనను, నేడు లోకమున నిలిచిన ఆ బొమ్మలు ఏబది అఱువదికి మించవని యంచనా. ఆ బొమ్మయే నేను మొదట చెప్పిన 66 లక్షల బొమ్మ.

ఇక ఆ రోగిష్ఠి కథకు వత్తును. ఆయన పేరు జెఫర్సన్ బర్డిక్. 1900లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. సిరక్యూస్ అను పట్టణమున విద్యుత్సామగ్రి తయారుచేయు కార్ఖానాలో చిన్న చిన్న భాగములను జోడించు పనిలో నుండెను. పెండ్లియాడలేదు. నడివయస్సు రాకమునుపే కీళ్ళవాతము ఆయనను పట్టుకొనెను. చేతివ్రేళ్ళు, మెడ, వెన్ను బిగిసికొనిపోయెను. బేస్‌బాల్ ఆటపై ఆయనకు విశేషమైన మక్కువ యున్నట్లు గూడ కానరాదు. ఆయన మక్కువ అచ్చుబొమ్మలమీద. సిగరెట్టు బొమ్మలు, మిఠాయి పొట్లములలోని బొమ్మలు, దుకాణదారుల ప్రకటన చీట్లు, శుభాకాంక్షల కార్డులు, సామాన్యులు చూచి పాఱవేయు ప్రతి కాగితమును ఆయన దాచెను.

ఆ కాలమున ఇట్టి బొమ్మలకు విపణి యనదగిన దేదియు లేదు. వేలమున పెద్దమనుష్యులు కొనునవి తైలవర్ణ చిత్రములును, తపాలాబిళ్ళలును. సిగరెట్టు బొమ్మలు అటకలమీది పెట్టెలలో, ముసలివారి బల్లసొరుగులలో ఉండెడివి. వానిని కలిగియున్నవారికి అవి యేవో తెలియదు. కావలసినవారికి అవి యెక్కడ నున్నవో తెలియదు. బర్డిక్ చేసిన పని యేమనగా, ఆ యిరువురి నడుమ నుత్తరములు నడపుట. 1937లో ఆయన సేకరించువారి కొఱకు ఒక చిన్న పత్రికను ప్రారంభించెను. 1939లో జాబితాను గ్రంథముగా వెలువరించెను. తరువాత అది ‘అమెరికన్ కార్డ్ క్యాటలాగ్’ అను పేర 1946లోను, 1953లోను, 1960లోను పెరిగి పెరిగి వెలువడెను.

ఆ జాబితా చేసిన మేలు ఎంతటిదో చెప్పవలెను. అంతకుముందు ఒకడు “నాయొద్ద పాత బొమ్మలున్నవి” యని వ్రాసినచో అవి ఏ కంపెనీవి, ఏ యేటివి, మొత్తము వరుసలో నెన్ని, తన వద్ద నున్న వెన్ని యని చెప్పుటకు భాష లేదు. బర్డిక్ పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు బొమ్మలకు ‘ఎన్’ అనియు, ఇరువదవ శతాబ్దపు వానికి ‘టి’ యనియు, తొలినాటి మిఠాయి బొమ్మలకు ‘ఇ’ యనియు అక్షరములు కేటాయించి, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క సంఖ్య నిచ్చెను. వాగ్నర్ బొమ్మ గల వరుసకు ‘టి 206’ అని పేరు. ఎనుబదేండ్లు దాటినను నేటి కోటీశ్వరుడు సహితము తన బొమ్మను ఆ కార్మికుడు పెట్టిన సంఖ్యతోనే పిలుచుచున్నాడు. భూమికి సర్వే నంబరు పడిన పిదప తగవులెట్లు తగ్గినవో మీకు తెలియును, ఇదియు నట్టిదే.

వెలలను గూడ ఆయన వ్రాసెను. వాగ్నర్ బొమ్మకు ఆయన వేసిన వెల 50 డాలర్లు. అప్పటికి అదియే నోరు తెఱచి వినదగిన వెల. ఆ వరుసలోని తక్కిన వందలకొలది బొమ్మలకు వెల కొన్ని సెంట్లు మాత్రమే. నూఱు సెంట్లయిన నొక డాలరు. అవి చౌకగా నుండవలెననియే ఆయన కోరిక. సామాన్యుడు తన జీతములో మిగిలిన చిల్లరతో కొనగలిగినప్పుడే సేకరణ యనునది నిలుచునని ఆయన నమ్మకము. నాకీ మాటలో లోకజ్ఞానమెంతో కనబడుచున్నది, అయినను లోకము ఆయన మాట వినలేదు.

1947లో బర్డిక్ న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియమువారికి తన సేకరణను దానముగా నిచ్చెదనని తెలిపెను. అచ్చుచిత్రముల శాఖకు అప్పుడు అధిపతి హయట్ మేయర్ అను విద్వాంసుడు. గొప్ప చిత్రకారుల పటములుండు చోటికి సిగరెట్టు అట్టలను రానిచ్చుట సాహసమే; మేయర్ రానిచ్చెను. ఆల్బములలో వరుసప్రకారము అమర్చి యిచ్చు బాధ్యత మాత్రము బర్డిక్ మీదనే పడెను. ఆయన ఏండ్లతరబడి ఆ పని చేసెను. తుదకు కొలువు విడిచి న్యూయార్కునకే వచ్చి మ్యూజియములో నొక బల్లయొద్ద కూర్చుండి, వంగని వ్రేళ్ళతో ఒక్కొక్క బొమ్మను జిగురుతో నంటించెను. 1963 జనవరి 10వ తేదీన కడపటి బొమ్మ యంటించి, ఇక రానని చెప్పి వెడలిపోయెను. మఱునాడు ఆసుపత్రిలో చేరెను. రెండు నెలలకు, మార్చి 13న, గతించెను. ఆయన ఇచ్చిపోయిన కాగితములు మూడు లక్షలకు పైబడినవి. అందు బేస్‌బాల్ బొమ్మలే ముప్పదివేలు. వాగ్నర్ బొమ్మయు నందొకటి కలదు.

ఇక్కడ నొక వింత. నేటి విపణి లెక్క ప్రకారము వెనుక జిగురంటిన బొమ్మ చెడిపోయిన బొమ్మ. దాని వెల పడిపోవును. బర్డిక్ తన జీవితకాలపు సంపదను తన చేతులతోనే, నేటి వర్తకుని దృష్టిలో, పాడుచేసెనన్నమాట. ఆయనకు అవి అమ్ముకొను వస్తువులు కావు, చదువుకొను పుటలు. పుటను కుట్టుటలో తప్పేమున్నది?

ఆయన పోయిన ఇరువదేండ్లకు రంగము మాఱిపోయెను. బాల్యమున బొమ్మలు ఏర్చుకొన్న పిల్లలు పెద్దవారై సొమ్ము చేసికొనిరి. తల్లులు పాఱవేసిన బొమ్మలను తిరిగి కొనవలెనని వారికి కోరిక పుట్టెను. వాగ్నర్ బొమ్మ నొకదానిని 1985లో బిల్ మాస్ట్రో అను వర్తకుడు 25,000 డాలర్లకు కొనెను. రెండేండ్లకు 1,10,000 డాలర్లకు అమ్మెను. 1991లో సోథ్‌బీ వేలశాలలో దానికే 4,51,000 డాలర్లు పలికెను. పాడినవారు మంచుమీది హాకీలో సుప్రసిద్ధుడైన వేన్ గ్రెట్‌జ్కీయు, ఆయన భాగస్వామియు. ఆ యేడే వెలసిన పి.ఎస్.ఏ. అను సంస్థ బొమ్మల స్థితిని పరీక్షించి ఒకటి మొదలు పది వఱకు అంకె వేయ నారంభించెను. వారు అంకె వేసిన మొదటి బొమ్మ ఇదియే. దానికి ఎనిమిది యను అంకె వచ్చెను. అంచులు పదునుగా, మూలలు నలగక, నూఱేండ్ల వస్తువు నిన్న అచ్చయినట్లుండెనని అందఱు నాశ్చర్యపడిరి.

1995లో ఒక పెద్ద దుకాణముల సంస్థవారు ఆ బొమ్మనే కొని, లాటరీ బహుమానముగా పెట్టిరి. అది ఫ్లారిడా రాష్ట్రమున తపాలా శాఖలో పనిచేయు నొక స్త్రీకి తగిలెను. అదృష్టమే, కాని బహుమానముమీది పన్ను కట్టుటకు ఆమెయొద్ద సొమ్ము లేదు. లక్షల డాలర్ల అట్టముక్క చేతనుండి గూడ దానిని నిలుపుకొను స్తోమత లేక 1996లో క్రిస్టీ వేలశాలలో 6,41,500 డాలర్లకు అమ్మించెను. ఈ చరిత్ర యంతటిలో నా మనస్సున నాటుకొన్నది ఈ ఘట్టము. ఊరకయే వచ్చిన వస్తువునకు గూడ వెల కలదు. 2000లో ఆ బొమ్మ 12 లక్షల 65 వేల డాలర్లకును, 2007లో రెండు పర్యాయములు చేతులు మాఱి 28 లక్షల డాలర్లకును ఎగబ్రాకెను.

పిమ్మట నిజము బయటపడెను. దానిని మొదట కొన్న మాస్ట్రో తరువాత సొంత వేలశాలను పెట్టి, క్రీడావస్తువుల వర్తకమున మిక్కిలి గొప్పవాడయ్యెను. ఆయన వేలములలో అమ్మువారి పక్షముననే మాఱుపేర్లతో దొంగపాటలు పాడించి వెలలు పెంచెనని ప్రభుత్వమువారు కేసు పెట్టిరి. 2013లో ఆయన నేరము నంగీకరించెను. అంతటితో నాగలేదు, ఆ వాగ్నర్ బొమ్మ అంచులను తానే యంత్రముతో కత్తిరించితినని గూడ ఒప్పుకొనెను. 2015లో ఆయనకు 20 మాసముల ఖైదు విధింపబడెను. నిన్న అచ్చయినట్లున్న అంచులు నిజముగా అటీవల కోసినవే. కోసిన అంచుగల బొమ్మకు ఆ అంకె రాగూడదు. వచ్చెను, దానిని నమ్మి లక్షలు పోసిరి.

దీనివలన నష్టపోయినవారు ధనికులే గదా యని మీరనవచ్చును. దొంగపాట కీడు వారితో నాగదు. పదివేల డాలర్ల బొమ్మపై దొంగపాట సాగిన చోట నూఱు డాలర్ల బొమ్మపైనను సాగును. ధనికునకు పోయినది వినోదపు సొమ్ము. జీతగానికి పోయినది ఆ నెల బియ్యపు సొమ్ము. మన చెఱువు పాటలలో ఎదుటివాని ముఖము కనబడును. వాడు నిజముగా గుత్త కొనదలచినవాడో, ఎవడైన నిలువబెట్టినవాడో యూరివారికి తెలియును. జాబులమీదను, టెలిఫోనుమీదను, నేడు ఇంటర్నెట్టుమీదను జరుగు పాటలో ముఖము లేదు.

ముఖము లేని పాట యెప్పటినుండియో కలదు. అమెరికాలో తపాలాబిళ్ళల వర్తకులు 1893 నాటికే ఉత్తరముల మీద వేలములు నడిపిరి. ఎవడెంత వఱకు నిచ్చునో కాగితముపై వ్రాసి పంపును. అందఱికంటె హెచ్చు వ్రాసినవానికి వస్తువు దక్కును. కాని వాడు చెల్లింపవలసినది తన తరువాతివాని వెలకు సరిగా, లేదా దానికి కొంచెము మించి. ఈ పద్ధతిలో నున్న న్యాయమును విలియం విక్రీ అను అర్థశాస్త్రజ్ఞుడు 1961లో నిరూపించెను. 1996లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అట్టి పాటలో బొంకుటవలన లాభము లేదు. మనకు నిజముగా ఎంత విలువయో అంత వ్రాసి ఊరకుండుటయే మేలు. 1995లో వెలసిన ఈబే అను ఇంటర్నెట్టు వేలశాలయు ఇంచుమించు ఈ విధముననే పాటను నడపుచున్నది. చిన్నసంచివాడు తన గరిష్ఠపు వెలను ఒక్కసారి వ్రాసి, తుది గడియలో చూడకుండ నిద్రపోవచ్చును. చూచుచు కూర్చున్నవాడు ఇంకొక పది డాలర్లే గదా యని పాడును. ఎదుటివాడును అదే యనుకొనును. వస్తువు వెల పెరుగదు, పట్టుదల వెల పెరుగును.

గెలిచినవాడు తఱచుగా నష్టపోవునను సంగతిని గూడ పండితులు గుర్తించిరి. సముద్రగర్భపు చమురు భూముల వేలములను పరిశీలించిన ముగ్గురు ఇంజనీర్లు 1971లో దానిని వివరించిరి. పదిమంది యొక వస్తువు విలువను యంచనా వేసినచో కొందఱు తక్కువగాను, కొందఱు ఎక్కువగాను వేయుదురు. పాట దక్కునది అందఱికంటె ఎక్కువగా వేసినవానికి. అనగా ఎక్కువగా పొరపడినవానికి దక్కుట సహజము. పాడువారు పెరిగినకొలది ఈ ప్రమాదము పెరుగును. బర్డిక్ కొన్న బొమ్మలకు పాడువారే లేరు! అందఱును చూచుచున్న బొమ్మను విడిచి, ఎవరును చూడని బొమ్మను తెలిసి కొనుటలోనే ఆయన బలమంతయు నున్నది.

అట్లని పాతదై చౌకగా దొరకు ప్రతి బొమ్మయు మంచిది కాదు. 1952లో టాప్స్ కంపెనీవారు అమ్మిన బొమ్మలలో ఆఖరి భాగము అమ్ముడుపోక గోదాములో పడియుండెను. దానిని 1960లో పడవకెత్తించి సముద్రమున పడవేయించితినని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్జర్ చెప్పెను. ఆ భాగములోనిదే మికీ మాంటిల్ అను నాటగాని బొమ్మ. అందొకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. ఈ వార్తలు విని 1980 తరువాత జనులు బొమ్మలను పెట్టెలకొలది కొని దాచిరి. కంపెనీలు అంతకంతకు అచ్చువేసెను. ఎవడును పాఱవేయలేదు. ఫలితమేమనగా, ఆ కాలపు బొమ్మలలో చాలభాగము నేటికిని కొన్న వెలకు రావు. అమెరికాలో అనేకుల యిండ్లలో పిల్లల చదువుకని దాచిన పెట్టెలు అట్లే యున్నవి. మాంటిల్ బొమ్మకు వెల తెచ్చినది సముద్రము. దాచుకొన్నవారి జాగ్రత్త తమ బొమ్మలకు వెల లేకుండ జేసెను.

ఇక కొద్దిసొమ్ముతో నేడు ఏమి దొరకును? వాగ్నర్ గల ఆ ‘టి 206’ వరుసలోనే, పెద్ద పేరు లేని ఆటగాండ్ర బొమ్మలు, మూలలు గుండ్రనై, నడుమ మడతపడినవి, కొన్ని పదుల డాలర్లకే వేలములలో దొరకుచున్నవి. అచ్చు అదే, కాగితమదే, కాలమదే. అంకె మాత్రము ఒకటి. అంకె యెనిమిది గల బొమ్మకు ఇచ్చు సొమ్ములో అధికభాగము మూలల పదునుకే పోవును. ఆ మూలలు నిజమైనవో కావో చూచితిమి గదా. నలిగిన బొమ్మను ఎవడును కోయడు. కోసి లాభమేమి?

అయితే వేలశాలవారి లెక్క నొక్కటి మఱవరాదు. 1975లో లండనులో క్రిస్టీ, సోథ్‌బీ శాలలవారు పాట మొత్తముపై కొన్నవానియొద్ద గూడ నూటికి పది చొప్పున రుసుము వసూలుచేయ మొదలుపెట్టిరి. వర్తకులు గోలపెట్టిరి, రుసుము నిలిచెను. నేడు ఈ బొమ్మల వేలములలో అది నూటికి ఇరువది యుండుట సాధారణము. మీద తపాలా ఖర్చు. కాబట్టి ఒకని సంచిలో సరిగా నూఱు డాలర్లున్నచో, తపాలాకు పది తీసివేయగా మిగిలిన తొంబదిలో రుసుము పదునైదు. వాడు పాడదగినది 75 డాలర్ల వఱకే.